గుంత మగ్గం, గుల్లబారిన ఎముకలు

గద్వాల అప్పటికింకా జిల్లా కాలేదు. ఎముకల డాక్టర్ కావాలంటే కర్నూలు బస్సెక్కాల్సిందే. వాకిట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న మా అత్తను నేనూ మా ఆయనా అక్కడికే తీసుకెళ్లాం. డాక్టర్ స్కాన్ చూసి ఎముకలు గుల్లబారాయన్నాడు. మాత్రలు రాసి, ఒంటి బరువు ఎముకల మీద పడే వ్యాయామం కూడా చేయాలన్నాడు.

అత్తకు పౌరుషం వచ్చింది. "బుద్ధెరిగినకాడికెల్లి మగ్గం తొక్కిన కాళ్లు సారూ ఇవి! ఇంకేం వ్యాయామం?"

"కూర్చుని తొక్కుతారు కదమ్మా. బరువు కాళ్ల మీద పడదు."

చీరలు నేసే మనిషితో ఆ మాట అని ఆయన క్షేమంగా ఎలా బయటపడ్డాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. గుంతలో కాళ్లు పెట్టి పొద్దంతా తొక్కడాన్ని మించిన కష్టం లోకంలో ఉందంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. గద్వాల వచ్చేదాకా అత్త డాక్టర్ చదువును ఉతికి ఆరేసింది. బస్సు దిగేముందు మాత్రం మెల్లగా అంది: "మంచాన పడి నీతోని కడిగించుకునుడు మాత్రం వద్దు పిల్లా. గదొక్కటే నా భయం."

మా ఆయన తెలివి ఇంకా గొప్పది. గెంతితే ఎముక గట్టిపడుతుందని ఏదో పేపర్లో చదివి, కట్టు కూడా విప్పని తల్లిని రోజూ అరుగు మీంచి దూకమన్నాడు. కొడుకంటే అలా ఉండాలి. తర్వాత కట్టు విప్పించడానికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే డాక్టర్ తల పట్టుకున్నాడు. ఈ ఎముకలతో గెంతితే వెన్నుపూస విరుగుతుందట. దేన్నైనా పట్టుకుని నిలబడి, మడమలెత్తి నేలకు దించితే చాలట. "ఎంత లాభమో చెప్పలేను. ఉన్నది పోకుండా ఉంటే అదే పదివేలు" అన్నాడు.

మర్నాటి నుంచి మగ్గం గుంజ పట్టుకుని అత్త దబ్బు దబ్బున మడమలు దించడం మొదలుపెట్టింది. ఏం దంచుతున్నారని పక్కింటావిడ అడిగింది. ఎముకలు, అన్నాను.

ఏడాదికి మళ్లీ స్కాన్ తీశారు. ఎముకల గట్టిదనం పెరగలేదు, తగ్గలేదు. "ఇంత జేసినా గింతేనా?" అని మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆయన ఒంట్లో పెరిగింది పొట్ట ఒక్కటే, అదీ ఏ వ్యాయామమూ లేకుండానే. అత్త మాత్రం తిరుగు బస్సు మెట్లు నా చెయ్యి అందుకోకుండా ఎక్కింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చి నేను మగ్గంలో కూర్చోబోతుంటే అత్త అడ్డం నిలబడింది.

"నేను పడ్డప్పుడు ఎత్తెటందుకు నువ్వున్నవ్. నువ్వు పడే యాల్లకు నేనుండ. ఇప్పుడే నా పక్కన నిలబడు."

ఆమె పక్కన నిలబడి మడమలెత్తాను.