పేరు కొట్టించిన గ్లాసు

ఆ స్టీలు గ్లాసుతో ఇప్పుడు మా ఇంట్లో బియ్యం కొలుస్తున్నాము. దాని అంచు కింద మా నాయిన పేరు కన్నడ అక్షరాలలో, చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. బియ్యం తీసిన ప్రతిసారీ ఆ చుక్కలు నా వేలికి తగులుతాయి. ఆ పేరు కొట్టించినది నేనే కనుక, దాని సంగతి చెప్పవలసినది కూడా నేనే.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. రాయచూరులో ఒక బడిలో పాఠాలు చెబుతాను. నాయిన గంజ్‌లో, అంటే ధాన్యం, పత్తి అమ్మే మార్కెట్టులో, హమాలీ. మూటలు మోసి నన్ను చదివించాడు. రెండేళ్ళ కిందట బడి తరఫున నన్ను ఒక శిక్షణకు పంపారు. పర్యావరణం కోసం ఇంట్లో సులువుగా చేసుకోదగిన మార్పులు ఏమిటో అక్కడ చెప్పి, చివర ఒక అచ్చు కాగితం ఇచ్చారు. దానిని తెచ్చి వంటింటి తలుపుకు అంటించాను. తడి చెత్తకు ఒక బుట్ట, పొడి చెత్తకు ఒక బుట్ట పెట్టాను.

అమ్మ ఆ కాగితాన్ని నాతో చదివించుకొని నవ్వింది.

"బియ్యం కడిగిన నీళ్ళు చెట్టుకు పొయ్యాల్నంట. పాత చీరల సంచి కుట్టుకోవాల్నంట. గిదంత నేను చేస్తనే ఉన్న గదనే! గిది చెప్పనీకి నిన్ను మూడు దినాలు కూసుండబెట్టిన్రా?"

"ఎందుకు చేస్తున్నమో తెల్సి చెయ్యాలె అమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పటి నా గొంతు తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

కాగితంలో మరొక వాక్యం ఉంది: బయట తాగేటప్పుడు మీ సొంత గ్లాసు తీసుకొని వెళ్ళండి. నాయిన రోజూ గంజ్ గేటు ముందరి చాయ్ బండి దగ్గర మూడుసార్లు చాయ్ తాగుతాడు, కాగితపు కప్పులో. మా ఇంట్లో మారవలసినది ఇదొక్కటే మిగిలిందని నాకు తోచింది. సామాను దుకాణానికి వెళ్ళి మంచి స్టీలు గ్లాసు ఎంచి, పేరు కొట్టించి తెచ్చాను. నాయిన సంతకం మటుకే నేర్చిన మనిషి. గ్లాసు తిప్పి చూసి తన పేరు గుర్తుపట్టాడు.

"నా ఒక్కనికేనా?" అని అడిగాడు.

"నీ ఒక్కనికే నాయినా. ఇంకెవ్వరి గ్లాసుల కలువదు" అన్నాను గర్వంగా.

ఆయన కాసేపు ఆ చుక్కల మీద బొటనవేలు రాసి, "మంచిది బిడ్డా" అని సద్దిసంచిలో పెట్టుకున్నాడు.

వారం గడిచాక అమ్మ చెప్పింది. "మీ నాయిన చాయ్ బంద్ చేసిండు. తలకాయ నొస్తుందని రోజూ తువ్వాల బిగిచ్చి కట్టుకుంటుండు. ఏందయ్యా అంటే, ఎండలకు చాయ్ ఒద్దనిపిస్తుందంటడు."

గ్లాసు బయటికి తీయడానికి సిగ్గుపడుతున్నాడని నేను అర్థం చేసుకున్నాను. ఆ సిగ్గు పోగొట్టడం నా బాధ్యత అని కూడా నిశ్చయించుకున్నాను. శనివారం బడి మధ్యాహ్నానికే ముగుస్తుంది. తిన్నగా గంజ్‌కు వెళ్ళాను.

నాయినతో కలిసి మూటలెత్తే వాళ్ళు బండి ముందు బెంచీ మీద కాగితపు కప్పులు పట్టుకొని కూర్చున్నారు. ఆయన మాత్రం కొంచెం ఎడంగా మూటలకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆయన జతగాడు కేక వేశాడు.

"రా టీచరమ్మా! మీ నాయిన చాయ్ మీద అలిగిండు. పెండ్లినాడు గూడ ఇంత అలగలే. జర నువ్వన్న తాపియ్యి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ నాయిన సంచిలోంచి గ్లాసు తీసి బండి ఆయన ముందు పెట్టాను. "అన్నా, మా నాయినకు దీంట్ల పొయ్యి. రోజు గిట్లనే పొయ్యాలె" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. జతగాడు గ్లాసు వైపు చూసి, చిన్న గొంతుతో, "ఏందన్నా, మళ్ళ వేరు గ్లాసుల కాలమొచ్చెనా మనకు?" అన్నాడు.

బండి ఆయన ఎప్పటిలాగే కెటిల్ పైకెత్తి పోశాడు. నాయిన గ్లాసు అందుకున్నాడు. బెంచీ మీద చోటు ఉన్నా పక్కకు వెళ్ళి నేల మీద గొంతుక్కూర్చొని తాగాడు. లేచి, డ్రమ్ములోని నీళ్ళు ముంచుకొని తానే గ్లాసు కడిగి, బండికి దూరంగా ఉన్న గోడ మీద బోర్లించాడు. బోర్లించాక తన చేతిని తానే చూసుకున్నాడు. గబగబా గ్లాసు తీసి, తడి తుడవకుండానే సంచిలో వేసుకున్నాడు.

నాయిన పుట్టిన పల్లెలో హోటలు బయటి గోడ మీద మా వాడ వాళ్ళ గ్లాసులు వేరుగా ఉండేవి. పైనుంచి పోస్తే పట్టుకొని, నేల మీద కూర్చొని తాగి, కడిగి, బోర్లించి రావాలి. ఈ సంగతి నాకు తెలియదని చెప్పుకోలేను. చిన్నప్పుడు నాయినే చెప్పాడు. కళాశాలలో దాని మీద వ్యాసం రాసి మెప్పు కూడా పొందాను. మెప్పు పొందిన ఆ చేతితోనే ఆయనకు వేరు గ్లాసు ఇచ్చాను, అది కూడా పేరు కొట్టించి.

ఇంటికి నడుస్తూ, "నాయినా, నేను..." అని ఆగిపోయాను.

"నువ్వు మంచికే తెచ్చినవు బిడ్డా" అన్నాడు. "కాయిదం కప్పుతోటి చెత్త అయితదని నాకూ ఎరుకే. కానీ బండాయన దుకాణం సేటుకిచ్చే కప్పే నాకూ ఇస్తడు. తాగినంక ఆయనదీ నాదీ ఒక్క డబ్బలనే పడతయి. అందరికీ గాజు గ్లాసులు పెట్టుమను, నేనూ తాగుత. నా ఒక్కనికి ఒద్దు."

"మొదలే ఎందుకు చెప్పకపోతివి?"

"సదువుకున్న బిడ్డవు. పేరు కొట్టిచ్చి తెస్తివి. ఎట్ల చెప్పాలె?"

నాకు చెప్పలేక ఆయన వారం రోజులు తలనొప్పి భరించాడు.

సోమవారం బండి ఆయనను గాజు గ్లాసుల గురించి అడిగాను. "రోజుకొక్క డ్రమ్ము నీళ్ళమ్మా. తాగనీకే చాలవు, ఏంటితో కడగాలె?" అన్నాడు. కాగితపు కప్పులే సాగుతున్నాయి.

ఇప్పుడు కొన్ని శనివారాలు నేను గంజ్‌కు వెళ్తాను. నాయిన బెంచీ మీద కూర్చొని నాకూ ఒక చాయ్ చెబుతాడు. తాగాక నా కప్పును తన కప్పులో దూర్చి, సంచిలో ఇంటికి తెచ్చి, చెత్తబుట్టల ముందు నిలబడతాడు.

"ఇది పొడిదే గద బిడ్డా?"

ఇటువంటి కప్పుల లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుందని, అవి పొడి బుట్టలో వేసినా తిరిగి కాగితం కావడం కష్టమని తలుపు మీది కాగితంలో ఉంది. ఆ వాక్యం ఆయనకు నేను ఇంతవరకు చదివి వినిపించలేదు.

"పొడిదే నాయినా" అంటాను.