‘వర్క్’ మీద నాలుగు అడిషనల్ షీట్లు

డెబ్బై దాటిన వయసులో ఓపెన్ టెన్త్ పరీక్ష రాసి, మిగతా సబ్జెక్టులన్నీ పాసై, ఒక్క ఇంగ్లీషులో ఫెయిలైన మనిషిని నేను. లెక్కల్లో పోయినా ఊరుకునేవాణ్ణి. సైన్సులో పోయినా సరే అనుకునేవాణ్ణి. కానీ ఇంగ్లీషులోనా! నాలుగో తరగతితో బడి మానేసి, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీగా బస్తాలు మోస్తూ, పాత కాగితాల దుకాణంలో దొరికిన అట్టలేని డిక్షనరీతో ఒంటరిగా నేర్చుకున్న భాష అది. పైగా దెబ్బ తిన్నది ఏ మాట దగ్గర? నలభై ఏళ్లుగా నాతోపాటు తిరిగిన మాట దగ్గర.

ఆ మాట ‘వర్క్’.

అది నా వెంట పడిన రోజు బాగా గుర్తుంది. మిల్లులో ఇంజను ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “ఇది వర్క్ అయితలేదు” అన్నాడు. వర్క్ అంటే పని అని అప్పటికే నాకు తెలుసు. ఇనుప ముక్క చేసేది పనా? దాని పక్కనే మేం పన్నెండు మందిమి బనియన్లు పిండుకుంటూ బస్తాలు ఎత్తుతున్నాం. మమ్మల్ని మాత్రం ‘లేబర్’ అంటారు! ఒళ్లు మండింది. సాయంత్రం గదికి వచ్చి డిక్షనరీ తెరిచాను. ఆ ఒక్క మాట కింద అర్థాలు ఒక వరుస నిండి, రెండో వరుసలోకి దిగి, పేజీ తిప్పినా అయిపోలేదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా చదువుతూనే ఉన్నాను.

ఆ మర్నాడే ఒక నోటుబుక్కు కొన్నాను. ఎక్కడ ఆ మాట కనబడినా, వినబడినా అందులో రాసుకునేవాణ్ణి. సూర్యాపేట దగ్గర హైవే మీద ‘మెన్ ఎట్ వర్క్’ అని బోర్డు ఉండేది. దాని కింద మనిషన్నవాడు లేడు, నీళ్ల ట్యాంకరు నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. అది రాసుకున్నాను. నా కొడుకు పెళ్లికి బట్టల కోసం కోదాడ వెళ్లాం. దుకాణం ఆయన ఒక జాకెట్టు గుడ్డ పరిచి, “వర్క్ చూడండి బాబాయ్‌గారూ, ఎంత దగ్గరగా ఉందో” అన్నాడు.

“ఎవలు చేసిండ్రు?” అని అడిగాను.

“అంటే ఏంటండీ?”

“ఈ పూసలు గుచ్చిన మనిషి ఎవలని.”

“అది మాకేం తెలుస్తుందండీ, వర్క్ అంటే వర్కే కదండీ.”

చేసిన మనిషి పేరు లేకుండా పని ఒక్కటే గుడ్డ మీద మెరుస్తోంది! బస్సులో సూర్యాపేటలోని మా ఇంటికి వచ్చేదాకా నా భార్యతో అదే గొడవ. ఒక మనిషి రాసిన పుస్తకాలన్నీ కలిపితే ‘వర్క్స్’ అంటారని తెలిసిన రోజైతే ఇంకా మండింది. కుర్చీలో కూర్చుని రాయడమూ వర్కేనట. తర్వాత నా నోటుబుక్కు మందం చూసుకుని కొంచెం చల్లబడ్డాను. కోపం రాజుకుంటే ‘వర్క్డ్ అప్’, లెక్క తేలిస్తే ‘వర్క్ అవుట్’, అన్నిటా ఆ మాటే. చివరికి పిండి పులిసినా, కల్లు పొంగినా ఆ మాటే వాడొచ్చని డిక్షనరీలో చూసి, ఎగిరి గంతేసినంత పని చేసి నా భార్యను పిలిచి చెప్పాను.

ఆమె బియ్యం చెరుగుతూ, “ఇంగ్లీషోనికి ఇంకో మాట దొరకలేదా ఏందయ్యా, అన్నిటికి గదే ఏసుకున్నడు?” అంది.

ఇక అసలు సంగతి. మా కోడలిది చివ్వెంల దగ్గర పల్లె. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి నాట్లకు తోలారు. పెళ్లయి సూర్యాపేట వచ్చాక కూడా పొద్దున్నే ఆటో ఎక్కి ఆ ఊరి ఆడవాళ్లతోనే నాట్లకు పోయేది. మూడేళ్ల కింద ఆమె కాళ్లు పాడయ్యాయి. బురద నీళ్లలో నాని వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. ఒకటి మానేలోపు ఇంకొకటి. డాక్టరు ఇక బురదలో దిగొద్దు అన్నాడు. మా వీధి చివర ఒక ప్రైవేటు దవాఖానలో వార్డులో పని ఉంది, పది పాసైన కాగితం తెస్తే తీసుకుంటామన్నారు. ఆమె ఓపెన్ టెన్త్ కట్టింది. అన్నీ పాసయింది. ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. ఈసారి కూడా పోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని దవాఖాన వాళ్లు చెప్పేశారు. అంటే మళ్లీ ఆటో, మళ్లీ బురద.

“నాతోని కాదు మామా,” అని పుస్తకం గూట్లో పెట్టేసింది.

“గంతేనా? నీ యింట్ల డిక్షనరీ మింగినోడు ఉండంగ భయపడతవా?”

“మింగినవ్ గని పరీక్ష రాసినవా ఎన్నడన్న?”

నిజమే. జన్మలో పరీక్ష రాయలేదు.

“నువ్వు రాస్తే నేను రాస్త,” అంది.

మొండిదానికి మొండివాణ్ణి. నేనూ ఫీజు కట్టాను.

ఆరు నెలలు రోజూ సాయంత్రం నాలుగింటికి వాకిట్లో ఇద్దరం చాప వేసుకుని కూర్చునేవాళ్లం. ఆహా, ఏం రోజులవి! నేను చెప్పేవాణ్ణి, ఆమె రాసేది. నాకు తెలిసిన ఒకే ఒక పద్ధతి ఆమెకు నేర్పాను. అది మా హమాలీ ముఠా పద్ధతి. లారీకి చెయ్యి వేశామంటే ఆఖరి బస్తా దించేదాకా ఇంకో లారీ వైపు కన్నెత్తి చూడం. సగంలో వదిలి పక్క లారీ ఎక్కిన వాణ్ణి మేస్త్రి మరునాడు ముఠాలో నిలబడనివ్వడు.

“ప్రశ్న గూడ లారీ అసొంటిదే బిడ్డా. పట్టుకున్నవా, ఖతం చేసినంకనే ఇంకోటి,” అని దినం తప్పకుండా చెప్పాను. ఆమె దినం తప్పకుండా తల ఊపింది.

పరీక్ష సెంటరు సూర్యాపేటలోనే పడింది. నాకంటే మూడు బెంచీల ముందు కోడలు. ప్రశ్నపత్రం చేతికి రాగానే నా కళ్లు నేరుగా వెళ్లి ఒక చోట ఆగిపోయాయి. ‘వర్క్ అనే మాటను వేర్వేరు అర్థాల్లో వాడి రెండు వాక్యాలు రాయండి.’ రెండు మార్కులు.

రెండు వాక్యాలట! చెయ్యి వేశాను. ఇంజను రాశాను, హైవే బోర్డు రాశాను, పూసల జాకెట్టు రాశాను, కల్లు రాశాను. ఒక్కో అర్థానికీ ఒక్కో వాక్యం, దాని కింద వివరం. పెన్ను ఆగితేగా! కాగితాలు నిండాయి. నిలబడి చెయ్యెత్తాను.

“అడిషనల్ షీట్ ఇయ్యుండ్రి మేడమ్.”

డ్యూటీలో ఉన్న టీచరమ్మ చిన్న వయసు పిల్ల. మొదటి షీటు సంతోషంగా ఇచ్చింది. మూడోది ఇస్తూ, “ఏం రాస్తున్నవ్ తాతా, రామాయణమా?” అని నవ్వింది. నాలుగోది ఇచ్చేటప్పుడు నవ్వలేదు. “మిగిలినయి సూస్కున్నవా?” అంది.

“ఇది కానియ్యమ్మా,” అన్నాను.

ఆఖరి అర్థం కింద గీత గీసి ఊపిరి పీల్చుకున్నాను. బస్తాలన్నీ దించి లారీ ఫ్లోర్ ఊడ్చినప్పుడు వచ్చే సంతోషం వచ్చింది. అప్పుడే బెల్లు మోగింది. ఇంకా పావుగంటే ఉందట. లేఖ ముట్టలేదు. వ్యాసం ముట్టలేదు. చదివి జవాబు రాయాల్సిన పేరాలు అట్లాగే ఉన్నాయి. నా సంగతి వదిలెయ్యండి, ముందున్న కోడలి వీపు మీద నా కళ్లు పడ్డాయి. ఈ పద్ధతి ఆమెకు నేర్పింది ఎవరు? నేనే! ఆమె కూడా మొదటి ప్రశ్న దగ్గరే కూర్చుని ఉంటే? ఆమె కాళ్లను నేనే మళ్లీ బురదలో దింపినట్టు కదా!

గేటు బయట ఆమె చెయ్యి పట్టుకున్నాను. “ఎన్ని రాసినవ్?”

“అన్ని రాసిన మామా.”

“అన్ని? ఒక్కటి ఖతం కానిది ఇంకోటి ముట్టద్దని చెప్పిన కదా!”

ఆమె నేల చూసింది. “నాకు గట్ల రాదు మామా. నాట్ల ఒక్క దగ్గర నిలవడితే పక్కోళ్లు ఎనకకు జరుగుకుంట పోతరు, నేనొక్కదాన్నే మడిల మిగుల్త. తెల్వని కాడ జాగ ఇడిసిపెట్టి జరుగుకుంట పోయిన. ఆఖరుకు తిరిగొచ్చి సందులల్ల నారు గుచ్చినట్టు రాసిన.”

“మరి ఆరు నెలల సంది తలకాయ ఎందుకూపినవ్?”

“మామవు చెప్తుంటే అడ్డంగ ఊపాలెనా?”

రోడ్డు మీదే, అందరూ చూస్తుండగా, నేను పడీ పడీ నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చాయి. నా మాట వినని మనిషిని చూసి అంత సంబరపడటం జన్మలో అదే మొదలు!

ఫలితాలు ఫోనులో వచ్చాయి. కోడలు ఇంగ్లీషు పాస్! వాకిట్లోకి ఉరికి నలుగురికీ వినబడేట్టు అరిచాను. తర్వాత నా నంబరు కొట్టి చూశాం. ఫెయిల్. అది మాత్రం వాకిట్లో అరవలేదు.

నా భార్య చాట పక్కన పెట్టి, “నలభై ఏండ్లు ఆ బుక్కు మీద కూసుంటివి. కోడి అయినా ఈపాటికి పిల్లల్ని తీస్తుండె,” అంది.

ఊరుకుంటానా? “దిద్దినోడు మనిషేనా? నాలుగు షీట్లు! ఒక్క అర్థం తప్పు చూపెట్టుమను. రీకౌంటింగు పెడత,” అని లేచాను.

“ఒక్కటి తప్పుండదు మామా,” అంది కోడలు. “అన్ని కరెక్టే అయినా రెండు మార్కులేనాయె. రెండు మార్కుల కాడ మొత్తం పొద్దు గుంకిచ్చినవ్.”

రీకౌంటింగు మాట మళ్లీ ఎత్తలేదు. 

ఆమె ఇప్పుడు దవాఖానకు మేజోళ్లు తొడుక్కుని పోతోంది. సాయంత్రం వచ్చాక కాళ్లు చాపి కూర్చుంటే వేళ్ల సందులు పొడిగా ఉంటున్నాయి. నేను అడక్కుండానే రోజూ చూస్తాను. చాప మీద ఇప్పుడు చోట్లు మారాయి. ఆమె ఫోనులో టైము పెట్టుకుని, ఏడు నిమిషాలు కాగానే నా చేతి కింది కాగితం లాగేస్తుంది. నేను తిడతాను. ఆమె తల ఊపుతుంది. తర్వాతి ప్రశ్న నా ముందుకు జరుపుతుంది.

మొన్న సప్లిమెంటరీ ఫారం కూడా తనే నింపి తెచ్చింది. పెన్ను నా చేతికిచ్చి, సంతకం చేయాల్సిన గీత మీద వేలు పెట్టింది.

“ఒక్క సంతకమే మామా,” అంది. “అడిషనల్ షీట్ ఇయ్యరు.”