కొలిమి మామ కొత్త కన్ను

ఉలులు తయారుచేసే ఆ షెడ్డులో కిటికీలన్నిటికీ నల్లరంగు పూసి ఉంటుంది. ఎండ పడితే కాలిన ఇనుము రంగు తెలియదు మరి! ఆ చీకట్లో ముప్పై ఎనిమిదేళ్లుగా నిలబడ్డ మనిషిని అందరూ కొలిమి మామ అంటారు. ఉలి కాలుతుంటే కళ్లు చికిలించి చూస్తాడు, సరైన రంగు రాగానే పట్టకారుతో తీసి నూనెలో ముంచుతాడు. తొందరపడ్డాడా, ఉలి మెత్తగా ఉండిపోతుంది. ఆలస్యం చేశాడా, పెళుసెక్కి విరుగుతుంది.

ఎర్రబడితే చాలు మహా వేడి అనుకునేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. "ఎరుపు మొదటి మెట్టేనయ్యా! దానిపైన నారింజ, పసుపు, తెలుపు ఉన్నాయి," అని కసురుతాడు.

అంతటి మామకు రెండు కళ్లలోనూ శుక్లాలు తీశారు. కొన్నాళ్లకు పనిలోకొచ్చి మొదటి రోజు కాల్చిన అరవై ఉలుల అంచులూ కొయ్య మీద పెట్టి కొడితే వంగిపోయాయి. యజమాని అసలే మొహమాటస్తుడు. నీళ్లు నమిలి నమిలి చివరికి అనేశాడు: "రేపు ఇంకొక్కసారి చూద్దాం మామా. కుదరకపోతే... ఇంటిపట్టున ఉందువుగాని."

ఆ పూట మామకు ముద్ద దిగలేదు. బడిలో సైన్సు చెప్పే కూతురు విడిచిపెడుతుందా, కూపీ లాగింది.

"ఇనుము రంగు మారిపోయిందే అమ్మాయ్. సరిగ్గా కాలకుండానే వెలిగిపోతోంది."

"మారింది ఇనుము కాదు నాన్నా, నీ కన్ను. పసుపు గాజులోంచి చూసినట్టు ఇన్నేళ్లూ ఆ శుక్లాల్లోంచి చూశావు. ఇప్పుడవి లేవు. అసలు రంగు చూసి బెదిరిపోయి ముందే తీసేస్తున్నావు."

"అయితే సరైన వేడి ఏదో ఎవరు చెప్తారు? ఈ వయసులో మళ్లీ ఓనమాలా?"

"ఇనుమే చెప్తుంది. రేపు నేనూ వస్తాలే."

మర్నాడు ఆమె ఒక పొడవాటి తీగకు అయస్కాంతం కట్టి తెచ్చింది. ఎర్రబడ్డ ఉలికి తాకిస్తే టక్కున అంటుకుంది.

"చాల్లేదు నాన్నా, ఇంకా కాల్చు."

ఇంకాస్త కాలాక మళ్లీ తాకించింది. ఈసారి అంటుకోలేదు. ఎన్నిసార్లు ఆనించినా అంతే. మామ నోరు వెళ్లబెట్టాడు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇనుముకు అయస్కాంతం అంటుకోకపోవడమేమిటే!"

"ఆ వేడి దాటితే ఏ ఇనుమైనా ఇంతే. ఇప్పుడీ రంగు బాగా చూసుకో. ఇంకొక్క రవ్వ కాల్చి ముంచేయ్."

పది ఉలులయ్యేసరికి మామ అయస్కాంతం పక్కన పడేశాడు. ఇక కంటితోనే పని. చల్లారిన ఉలుల మీద యజమాని ఆకురాయి పెట్టి రుద్దితే గీత పడలేదు, జర్రున జారిపోయింది.

"బతికించావు మామా! రేపట్నించి మామూలుగా వచ్చేయ్," అన్నాడు.

మామ అప్పటికే కొలిమి వైపు తిరిగాడు. ఒక విరిగిన ఇనుప ముక్కను కొలిమిలో వదిలేసి, అది నారింజరంగు దాటి పసుపులోకి తిరగడం చూస్తున్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"మీ అమ్మను చేసుకున్న కొత్తల్లో చూశానే ఇంత వెలుగు," అన్నాడు కూతురితో. "ఎప్పుడు పోయిందో నాకు తెలియనే లేదు."

యజమాని తర్వాతి ఉలుల తట్ట పట్టుకొచ్చి నిలబడ్డాడు.

"ఉండవయ్యా బాబూ," అన్నాడు మామ, "ఇంకాసేపు చూడనీ."