పడినవాడు కదలకూడదు

నా మాట నమ్మనివాళ్లు చిక్కడపల్లిలో గల్లీకి నలుగురున్నారని తెలుసు కాబట్టి ముందే ఒట్టు వేస్తున్నాను. మా ఆవిడ తన తల మీద చెయ్యి వెయ్యనివ్వదు గనుక నా కళ్లజోడు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే రేపటినుంచి వచ్చే బస్సు నంబరు కూడా నాకు కనబడకుండా పోవుగాక.

మొన్న నారాయణగూడలో ఇరానీ హోటల్లో కూర్చుని చాయ్ తాగుతుంటే, వెనక బల్ల దగ్గర ఫోన్లలో తలలు దూర్చిన కాలేజీ కుర్రాళ్లలో ఒకడు ఉన్నట్టుండి “మెడిక్! మెడిక్!” అని అరిచాడు. నేను సగం చాయ్ చొక్కా మీద పోసుకుని లేచి నిలబడ్డాను, ఎటు పరిగెత్తాలో తెలియడం లేదు. “ఏమైంది అంకుల్, గట్ల లేచినవ్?” అన్నారు వాళ్లు. ఏమని చెప్పను? ఇలాంటివి మన ఈడు వాళ్లతోనే చెప్పుకోవాలి; అర్థం కాకపోయినా ఊఁ కొట్టే ఓపిక మనకే ఉంది.

కొన్నేళ్ల కిందట మా ఆఫీసు ఊరి అవతలి కొసకు తరలిపోతూ నాలాంటి వాళ్లను కొందరిని ఉద్యోగంలోంచి ఇక్కడే దించేసి వెళ్లింది. అప్పటికే నా కబుర్లకు అలవాటుపడ్డ స్నేహితులంతా కూకట్‌పల్లికీ మియాపూర్‌కీ చేరిపోయారు. పొద్దున్నే లోయర్ ట్యాంక్ బండ్ దాకా నడిచి వెళ్లి, దారిలో ఒక్క మనిషితోనైనా మాట కలపకుండా తిరిగి వచ్చే రోజులు. మాటలతోనే బతికిన మనిషికి అది ఎంత భయమో, చీకటి గదిలో కూర్చోబెట్టినట్టు ఎలా ఉంటుందో, మా ఆవిడకు కూడా నేను చెప్పలేదు. అశోక్‌నగర్‌లో ఉండే మా బావమరిది మాత్రం కనిపెట్టాడు. బ్యాంకులో గుమాస్తా, పెళ్లీడు దాటిన బ్రహ్మచారి, ఆదివారాలు కంప్యూటర్లో యుద్ధాలు చేసేవాడు. “బావా, నీకు మాట్లాడే మనుషులు కావాలె, గంతే గద? ఇండ్ల శానమంది ఉన్నరు, రా” అని నన్ను సైన్యంలో చేర్పించాడు.

కోఠిలో బేరమాడి తెచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి బాంబు విన్నప్పుడు ఆ చప్పుడుకు పక్క పోర్షన్లో ప్రెషర్ కుక్కర్ కూడా కూత మరిచిపోయింది. మనం చిన్నప్పుడు వీధి చివర ఆడిన వీడియో ఆటల్లాంటిది కాదిది. ఒక్కడే దూసుకుపోయి అందరినీ కాల్చేస్తే కుదరదు. ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఒక దళం. దానికొక లీడరు, ఒకరిద్దరు గాయాలకు కట్టు కట్టే మెడిక్కులు, మిగతావాళ్లు తుపాకులు మోసేవాళ్లు. శత్రువు ఎక్కడున్నాడో తెర మీద కనబడదు. ఎవరికి కనబడితే వాళ్లు మైకులో చెప్పాలి, అదీ రెండు ముక్కల్లో. ఇంటి ముందు వేపచెట్టు గురించి గంటసేపు చెప్పగల నేను, “గోడ దగ్గర ఇద్దరు” అనడానికి నాలుక ఎండిపోయి నీళ్లు తాగేవాణ్ని.

మా దళానికి ఒక ఆనవాయితీ ఉండేది. దెబ్బ తగిలి పడిపోతే తెర బూడిద రంగుకు తిరిగి, మన ఊపిరి మనకే వినబడుతుంది. కింద ఒక బటన్ కనబడుతుంది. అది నొక్కితే ఆ ప్రాణం వదిలేసి వెనక శిబిరంలో కొత్తగా లేవచ్చు, కాని మన పక్షానికి ఉన్న ప్రాణాల్లో ఒకటి తగ్గిపోతుంది. అందుకని మావాళ్లలో ఎవరూ అది నొక్కేవారు కాదు. పడినవాడు ఎక్కడ పడ్డాడో చెప్పి, కదలకుండా పడి ఉండాలి. మెడిక్కు వచ్చి లేపుతుంది.

నేనేమో పడీ పడగానే నొక్కేసేవాణ్ని. భయంతోనూ, అంతకంటే ఎక్కువ సిగ్గుతోనూ. మనం పెరిగిన పద్ధతి అలాంటిది కదా! రోడ్డు మీద జారిపడితే ఎవరైనా చెయ్యి అందించేలోపే లేచి, ప్యాంటు దులుపుకుని, ఏం కాలేదు ఏం కాలేదు అంటూ నవ్వేస్తాం. ఒక వానాకాలం నారాయణగూడ చౌరస్తాలో పడి, అలాగే నవ్వుకుంటూ ఇంటిదాకా నడిచొచ్చి, గుమ్మడికాయంత వాచిన కాలుతో నెల్లాళ్లు మంచం దిగలేదు నేను. నా కోసం ఒకరు గుళ్ల మధ్య పరిగెత్తుకు రావడమంటే, ఎవరింటికో వేళకాని వేళ భోజనానికి వెళ్లినంత ఇబ్బందిగా ఉండేది.

లీడరుగా ఉండే అతను గొంతును బట్టి నాకంటే చిన్నవాడే. అయినా అక్కడ అందరూ అన్నలే. ఒకరోజు ఆట అయ్యాక మెల్లగా అన్నాడు. “అన్నా, నువ్వు మంచిగ మాట్లాడుతవ్, నీ ముచ్చట్లు మాకు ఇష్టమే. గని వచ్చే ఆదివారం గూడ గా బటన్ నొక్కినవనుకో, ఇగ వేరే దళం చూస్కోవాలె. మావోళ్లు పరేషాన్ అయితున్నరు.”

ఆట అయిపోయాక అందరం ఒక అరగంట కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లం. వారమంతా నేను ఎదురుచూసేది ఆ అరగంట కోసమే. అది పోతే మళ్లీ ట్యాంక్ బండ్ దాకా మౌనంగా నడవడమే. ఆ వారం అన్నం సయించలేదు నాకు.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీ తెరలు వేసుకుని కూర్చున్నాను. ఆటలో కూలిపోయిన ఏదో ఊరు, పెంకుటిళ్లు, పొగ. ఒక విరిగిన ట్రాక్టర్ పక్కన నడుస్తుండగా ఎక్కడినుంచో తగిలింది. తెర బూడిదైంది. బటన్ మెరుస్తోంది. నా వేలు దాని మీదికి పోతుంటే రెండో చేత్తో పట్టుకున్నాను.

“అన్నా, పడ్డ. ట్రాక్టర్ పక్కన.”

“కదలకు. అక్క వస్తది.”

అక్క మా మెడిక్కు. నల్లకుంటలో ఉంటుందని తప్ప ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు. మైకు తెరిస్తే వెనక ఫ్యాను కిర్రుమనేది, గొంతులో నాకంటే పెద్ద వయసు వినబడేది. ఎదురుచూస్తున్నాను. బూట్ల చప్పుడు. మనవాళ్ల బూట్లూ వాళ్ల బూట్లూ ఒకలాగే వినబడతాయి. చప్పుడు దగ్గరకొచ్చింది, ట్రాక్టర్ అవతల ఆగింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ కప్పుతో వచ్చి ఏందట్ల కూసున్నరు అనబోతే, శత్రువుకు వినబడుతుందని వేలు నోటి మీద పెట్టి బతిమాలాను. ఆమె పాపం కప్పు అలాగే పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. బూట్లు మెల్లగా దూరమయ్యాయి.

“వస్తున్న తమ్మీ, గోడ దాటుతున్న.” వెంటనే కాల్పులు. తర్వాత, “నాకు తాకింది. ఏం గాలె, కట్టు కట్టుకుంటున్న.”

నేను మైకు తెరిచాను. “అక్కా, మీరు వాపస్ పోండి. నా కోసం ఎందుకు...”

“నోరు మూస్కొని పండు. గింత దూరం ఉరికొస్తే నువ్వు అక్కడ లేకపోతే నాకెట్లుంటది?”

అంతవరకూ ఆ వైపునుంచి ఎప్పుడూ ఆలోచించలేదు నేను. వేలు వెనక్కి తీసుకున్నాను. పొగలోంచి ఆమె వచ్చింది, నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది, తెరకు మళ్లీ రంగులొచ్చాయి. ఇద్దరం పక్కనున్న పెంకుటింట్లో మాటువేసి, వచ్చినవాణ్ని వచ్చినట్టు తరిమికొట్టి, ఓడిపోయే ఆటను చివరి క్షణంలో గెలిపించాం. మావాళ్ల కేకలకు హెడ్‌ఫోన్లు పగిలాయనుకున్నాను. “ఇగ నువ్వు మనోడివే” అన్నాడు లీడరన్న.

ఆ దళం ఇప్పుడు లేదు. లీడరన్నకు బదిలీ అయింది, మా బావమరిదికి ఆలస్యంగానైనా పెళ్లయింది, అక్క ఒక ఆదివారం రాలేదు, ఆ తర్వాత మరి రానేలేదు. పేరు అడగాలని మాకెవరికీ తోచలేదు. నల్లకుంటలో కూరగాయలకు వెళ్లినప్పుడు ఎవరైనా పెద్దావిడ బేరమాడుతుంటే ఆ గొంతు కోసం కాసేపు నిలబడతాను. అప్పుడప్పుడూ కొత్తవాళ్లతో ఆడతాను. పడినవాడు పడగానే మాయమవుతాడు, మెడిక్కు వచ్చి చూసేసరికి నేల ఖాళీ. లేపేవాళ్లు తగ్గారో, ఆగేవాళ్లు తగ్గారో నాకు తేల్చుకోవడం రాలేదు.

ఇక కళ్లజోడు సంగతి. గెలిచామన్నది కల్పన. ఆమె నన్ను లేపి నిలబెట్టిన మరుక్షణమే గుండు వచ్చి మా ఇద్దరి మీదా పడింది, ఆట ఘోరంగా ఓడిపోయాం. కాని ఆ ట్రాక్టర్ పక్కన ఇద్దరం పడి ఉండి, ఎవరో ఒకరు వస్తారులే అనుకుంటూ, ఆమె నల్లకుంటలో నేను చిక్కడపల్లిలో, ఆట ముగిసేదాకా బటన్ నొక్కకుండా మాట్లాడుకుంటూనే ఉన్నాం. అది మాత్రం నమ్మండి.