నాన్న సీరియస్

టెక్కలిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. విశేషణం నామవాచకం గుణాన్ని తెలుపుతుందని ప్రతి ఏడూ బోర్డు మీద రాస్తాను. కాలేజీ గేటు దాటితే ఆ రాతకు విలువ లేదు. మనవాళ్లు ఇంగ్లీషు విశేషణాన్ని తెచ్చుకుంటారు గానీ దాని అర్థాన్ని అక్కడే వదిలేసి వస్తారు. ‘టైటు’ అంటే పగలు చేతిలో డబ్బు లేకపోవడం, సాయంత్రమైతే తాగి ఉండడం. ‘ఫ్రీ’గా అయిందా అని డాక్టరు అడిగితే అది మన తీరిక గురించి కాదు. వీటిలో నాకు బాగా ఇష్టమైనది ‘సీరియస్’. పేపర్లో ‘కలెక్టర్ సీరియస్’ అని వేస్తే ఆయనకు కోపం వచ్చిందన్నమాట. ‘కలెక్టరుకి సీరియస్’ అంటే ఆసుపత్రిలో ఉన్నాడన్నమాట. తేడా అంతా ఒక్క ‘కి’లో ఉంది. ఇది చెప్పి క్లాసులో నవ్వించి, నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి.

మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం, క్లాసులో ఉండగా మా చెల్లెలి భర్త ఫోన్ చేశాడు. పూండి దగ్గర మా ఊళ్లో వాళ్లూ నాన్నా ఒకే ఇంట్లో ఉంటారు.

“బావా, మావ సీరియస్సయిపోనాడు. బేగి రా.”

అంతే, లైను తెగిపోయింది. కొబ్బరితోటల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే.

ఇంటింటా కిడ్నీ జబ్బుండే మా ఉద్దానంలో పుట్టినవాడి చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో చెప్పనక్కర్లేదు. మా పెదనాన్న కిడ్నీలు పాడయ్యే పోయాడు. నాన్నకూ క్రియాటినిన్ కాస్త ఎక్కువుందని, జాగ్రత్తగా ఉండమని డాక్టర్లు అప్పటికే చెప్పారు. పాఠం మధ్యలో వదిలేసి పలాస బస్సెక్కాను.

బావ ‘మావకి’ అన్నాడా, ‘మావ’ అన్నాడా? ‘మావ’ అనే విన్నట్టు గుర్తు. వ్యాకరణం ప్రకారం అది కోపమే. కానీ కంగారులో ఉన్న మనిషి ‘కి’ మింగేసి ఉండొచ్చు. అసలు మా బావ ఏనాడు విభక్తులు సరిగ్గా పలికాడు గనక? తిరిగి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. తండ్రి ప్రాణం కోసం హైవే పొడుగునా ఒక ప్రత్యయాన్ని వెతుక్కున్న మూర్ఖుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. చాలా భయపడ్డాను.

పలాసలో ఆటో మాట్లాడుకుని ఇంటికి చేరేసరికి నాన్న వాకిట్లో మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. బావ దూరంగా నిలబడి, కుప్పేసిన కొబ్బరికాయల్నే మళ్లీ కుప్పేస్తున్నాడు.

“సీరియస్సన్నావు కదా” అన్నాను.

“మరి అది సీరియస్సు కాదేటి? నువ్వే సూడు” అన్నాడు.

జరిగింది ఇది. కాయలు కొనడానికి వ్యాపారి వస్తే, “మావ ఓల్డయిపోనాడు, బేరం నాతో ఆడు” అన్నాడట బావ. నాన్న అన్నం మానేసి కూర్చున్నాడు.

“ఇంగ్లీసు సెప్తావు కదా. ఓల్డంటే ఏటిరా?” అని నన్నడిగాడు.

“పెద్దమనిషని, నాన్నా.” ఉద్యోగధర్మం అక్కడితో మంటగలిసింది.

“పెద్దమనిషినైతే బేరం ఈడితో ఎందుకాడాల?”

అప్పుడు నా వాలకం చూశాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో చాక్‌పీసు ఇంకా అలాగే ఉంది.

“నువ్వేటి ఇలాగొచ్చినావు?”

“నువ్వు సీరియస్సని చెప్పాడు.”

ముందు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం దిగిపోయింది. మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. ఆయన అది చూడనట్టు తోటవైపు తిరిగాడు.

“ఆ సీరియస్సు కూడా ఎప్పుడో ఒకప్పుడు అవుతాదిరా” అన్నాడు మామూలుగా. “అప్పుడు నువ్వు పరిగెత్తుకొచ్చినా నాను సూత్తానో సూడనో. ఇయ్యాల సూసీసినాను, సాలు.”