అన్నదమ్ముల బీడులో పిల్లిగద్దలు

మా ఆయన, మా బావ సొంత అన్నదమ్ములు. జమ్మలమడుగు దగ్గరున్న నల్లరేగడి చేను పంపకంలో మాటామాటా పెరిగి కోర్టుకెక్కారు. ఒకరు విత్తుదామంటే రెండోవారు పడనివ్వరు. దాంతో చేను ఏళ్ల తరబడి బీడు పడింది, మోకాళ్లెత్తు గడ్డి పెరిగింది. ఊళ్లో ఎవరూ నవ్వలేదు. పైగా అదంతా పౌరుషమని మెచ్చుకున్నారు.

చిత్త కార్తె వచ్చిందంటే ఆ గడ్డిలోకి పిల్లిగద్దలు దిగేవి. ఎక్కడో చలిదేశాల నుంచి వచ్చి, పగలంతా చేల మీద మిడతలనూ ఎలుకలనూ వేటాడి, పొద్దుగూకేసరికి గడ్డి చాటున నేల మీదే పడుకుంటాయి. చెట్టెక్కవు. నేను ప్రొద్దుటూరులో సైన్సు టీచరును. బడి వదలగానే స్కూటీ వేసుకుని వెళ్లి గట్టున కూర్చునేదాన్ని. వచ్చేవన్నీ దాదాపు గోధుమరంగువే. ఒక ఏడు వాటి మధ్య పాలిపోయిన బూడిదరంగు మగపక్షి కనబడింది, రెక్కల కొసలకు మాత్రం మసి పూసినట్టు నలుపు. మా వైపు అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. రెక్క ఆడించకుండా గడ్డి మీదుగా తేలుతూ వచ్చి దిగింది. ఆ సంతోషం పట్టలేక ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

“అది మన భాగంలో దిగిందా, మాయన్న భాగంలోనా?” అన్నాడు.

అప్పుడే నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా ఊరుకున్నాను. వాళ్ల పగ పుణ్యాన ఆ పక్షులకు పడక దొరుకుతోంది కదా.

పోయినేడు చిత్త కార్తెలోనే పులివెందుల బంధువులు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేశారు. నేనూ సంతోషించాను. సంగటి కెలికి, నాటుకోడి వండి వడ్డిస్తున్నాను. రేపే ట్రాక్టరు వస్తుందని, శనగ విత్తుతామని బావ అన్నాడు. మధ్యలో కాస్త గడ్డి ఈ ఒక్క పంటకు వదిలేయమని, ఎండలు ముదిరితే అవే వెళ్లిపోతాయని బతిమాలాను.

“గద్దల కోసరం చేను బీడు పెడితే ఊర్లో నవ్వరామ్మా?” అన్నాడు బావ. మా ఆయన తలూపాడు. ఇన్నేళ్లలో అన్నదమ్ములకు మాట కలిసింది అక్కడే.

నాకు ఒళ్లు మండిపోయింది. పంతం కోసం ఇన్నేళ్లు పాడుపెట్టినప్పుడు లేని నవ్వు, నాలుగు పక్షులకు చోటిస్తే వస్తుందా?

మర్నాడు బడి వదిలి వెళ్లేసరికి దున్నడం అయిపోయింది. పొద్దుగూకింది. పిల్లిగద్దలు వచ్చాయి, వాటితో ఆ బూడిదరంగుదీ ఉంది. దున్నిన మట్టిపెళ్లల మీదుగా కిందికి వాలడం, దిగలేక మళ్లీ పైకి లేవడం, ఇదే పని. చీకటి పడుతుండగా మైలవరం వైపు వెళ్లిపోయాయి. అక్కడ వాటికి గడ్డి దొరికిందో లేదో నాకు తెలియదు.

గట్టు మీద అన్నదమ్ములిద్దరూ భుజాలు రాసుకుంటూ నిలబడి దుక్కి చూసుకుంటున్నారు.

“ఏందమ్మా, అట్ల నిలబడినావు?” అన్నాడు బావ.

“మీరిద్దరూ మళ్లా కొట్లాడుకోండి బావా,” అన్నాను. “మీకు పుణ్యముంటాది.”