జూన్ ముప్పై ఒకటి

జూన్‌లో ముప్పై ఒకటో తేదీ ఉండదు. మా బావ ఆ రోజున డ్యూటీకి రాలేదని ప్రభుత్వం అభియోగపత్రంలో రాసింది.

బావ అంటే నా చెల్లెలి భర్త. టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. రెండు వేల సంవత్సరం దాటాక అతనికి కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో అది వింత కాదు. పలాసలో రైలెక్కి విశాఖ ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ సెలవు చీటీ రాసి గుమాస్తా చేతికిచ్చేవాడు. ముట్టినట్టు సంతకం మాత్రం ఎన్నడూ తీసుకోలేదు.

"సారునే సంతకం అడగాలేటి బావా? నమ్మకం నేదా అని మొకం మీదే అనేత్తారు" అనేవాడు.

చీటీలు మాయమయ్యాయి. నలభై మూడు రోజులు చెప్పకుండా మానేశాడని తేల్చారు. విచారణలో ఆ గుమాస్తాను ఒక్క ప్రశ్నయినా అడగనివ్వకుండా ఉద్యోగం తీసేశారు.

నేను కంచిలిలో కొబ్బరికాయలు లెక్కపెట్టే మనిషిని. బడి ఏడో తరగతితో ఆగింది. అయినా ఏ తేదీ చెప్పినా వారం చెప్పగలను. ఆ జాబితాలోని తేదీలకు వారాలు కట్టుకుంటూ పోతే జూన్ ముప్పై ఒకటి దగ్గర నా వేలు ఆగింది. పొంగిపోయాను. హైదరాబాదు ట్రిబ్యునల్‌లో కేసు వేసిన వకీలుతో, మిగతావి పక్కనపెట్టి దీన్నే పట్టుకోమన్నాను.

మూడేళ్లకు కేసు పిలిచారు. జడ్జిగారు ప్రభుత్వ వకీలును, "జూన్ ముప్పై ఒకటి ఏ వారం వచ్చిందండీ?" అని అడిగారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అభియోగపత్రంలో తప్పుంది కాబట్టి తొలగింపు రద్దు. తప్పు సవరించి మళ్లీ విచారణ జరుపుకోవచ్చు. తీర్పు అంతే. చీటీలు ఇచ్చాడా లేదా అన్నది ఎవరూ చూడలేదు.

నెల తిరక్కుండా సస్పెన్షన్ ఉత్తర్వుతో పాటు కొత్త అభియోగపత్రం వచ్చింది. అవే తేదీలు. జూన్ ముప్పై ఒకటి మాత్రం లేదు. నలభై రెండు రోజులు. వాళ్ల లెక్క నేనే దిద్దిపెట్టాను.

బావ రెండుసార్లు చదివి కాగితం నా చేతికిచ్చాడు. "ఒక్క రోజు తగ్గించినావు బావా. ఈపాలి తప్పు నేకుండా తీసేత్తారు."

మర్నాడు అతని జవాబు పట్టుకుని ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. అదే గుమాస్తా. ముట్టినట్టు సంతకం పెట్టమన్నాను.

"ఏటయ్యా, నమ్మకం నేదేటి?"

"నేదు" అన్నాను.

అతను సంతకం పెట్టేదాకా ఆ బల్ల ముందు నుంచి కదల్లేదు.